పోటీకి ముందు జాయ్‌స్టిక్‌పై గురి, పట్టు నిలుపుకోవడానికి జాగ్రత్తలు

కంట్రోలర్‌తో ఆడే షూటింగ్ వీడియో గేమ్ పోటీ తేదీ దగ్గరపడేకొద్దీ చాలామంది సాధన గంటలను ఒక్కసారిగా పెంచేసి, రోజుకొక కొత్త సెట్టింగ్ ప్రయత్నించి, తీరా ఆడే రోజున నొప్పెడుతున్న బొటనవేలితో, ఇంకా అలవాటు పడని సెన్సిటివిటీతో (స్టిక్ కదలికకు గురి ఎంత వేగంగా తిరగాలన్న అమరికతో) తెర ముందు కూర్చుంటారు. నైపుణ్యం చాలక గురి తప్పడం వేరు, ఇలా చేజేతులా పోగొట్టుకోవడం వేరు. ముందు పరికరాన్ని, తర్వాత సెట్టింగులను, ఆ తర్వాతే చేతిని సిద్ధం చేసుకోవాలి. అరిగిపోయిన స్టిక్‌తో ఎంత సాధన చేసినా, చేయి ఆ లోపానికే అలవాటు పడుతుంది.

కంట్రోలర్‌ను బల్లపై ఉంచి, ఆటలో డెడ్ జోన్‌ను (స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని మధ్య భాగాన్ని) వీలైనంత తగ్గించి, స్టిక్‌ను ముట్టుకోకుండా క్రాస్‌హెయిర్‌ను (తెరపై గురి గుర్తును) కాసేపు గమనించండి. అది దానంతటదే జరుగుతుంటే డ్రిఫ్ట్ మొదలైందని అర్థం. ఇప్పటికీ చాలా కంట్రోలర్లలో స్టిక్ స్థానాన్ని పొటెన్షియోమీటర్లు అనే మారే విద్యుత్ నిరోధకాలు కొలుస్తాయి. వాటి లోపలి పూతపై లోహపు కొన నిత్యం రాసుకుంటూ ఉండడం వల్ల ఆ పూత అరుగుతుంది, దుమ్ము కూడా చేరుతుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు అయస్కాంతం సాయంతో కొలుస్తాయి కాబట్టి వాటి సెన్సార్‌లో ఈ రాపిడి ఉండదు. డ్రిఫ్ట్‌ను కప్పిపుచ్చడానికి డెడ్ జోన్‌ను పెంచుకుంటూ పోవడం మాత్రం మంచిది కాదు. దాన్ని 20 శాతానికి పెంచితే స్టిక్ ప్రయాణంలో మొదటి అయిదో వంతు వృథా అవుతుంది. సూక్ష్మమైన గురికి అవసరమయ్యేది సరిగ్గా ఆ భాగమే. స్టిక్ మార్పించాల్సి వస్తే, కొత్తది చేతికి అలవాటయ్యేంత వ్యవధి ఉండగానే మార్పించండి.

టీవీపై ఆడేవారు గేమ్ మోడ్ (చిత్ర సంస్కరణను తగ్గించి ఆలస్యాన్ని కుదించే అమరిక) ఆన్‌లో ఉందో లేదో తప్పక చూసుకోవాలి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు, టీవీ చేసే చిత్ర సంస్కరణ వల్ల కొన్ని ఫ్రేముల ఆలస్యం సులువుగా చేరుతుంది.

ఇక సెన్సిటివిటీ విషయం. ఇందులో ఇంకొకరి అంకెలను అరువు తెచ్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వారి స్టిక్ ఎత్తు, తెర దూరం, బొటనవేలి పొడవు మీవి కావు. శిక్షణ మైదానంలో రెండు గుర్తులను ఎంచుకుని ఒకదాని నుంచి మరొకదానికి గురిని పదేపదే మార్చండి. క్రాస్‌హెయిర్ ఎక్కువసార్లు గుర్తును దాటిపోతుంటే సెన్సిటివిటీని ఒక మెట్టు తగ్గించండి, ఎక్కువసార్లు ముందే ఆగిపోతుంటే ఒక మెట్టు పెంచండి. అదే సమయంలో రెస్పాన్స్ కర్వ్‌ను (స్టిక్‌ను నెట్టేకొద్దీ గురి వేగం ఎలా పెరగాలన్న అమరికను), డెడ్ జోన్‌ను కూడా మారిస్తే ఏ మార్పు మేలు చేసిందో తేలదు. పోటీకి రెండు వారాల ముందు నుంచి అంకెలను ముట్టుకోకపోవడం ఉత్తమం. స్టిక్‌పై తగిలించే పొడవాటి క్యాప్‌లు సూక్ష్మమైన కదలికకు తోడ్పడతాయి గానీ, చివరి వారంలో తగిలిస్తే చేయి తడబడుతుంది.

సాధనలో ఎక్కువమంది మరచిపోయేది ఎడమ స్టిక్. శత్రువు కొద్దిగా పక్కకు ఉన్నప్పుడు కుడి బొటనవేలితో వెంటాడడం కంటే, ఎడమ స్టిక్‌తో మీ పాత్రను ఒక అడుగు పక్కకు జరిపి అతన్ని క్రాస్‌హెయిర్‌లోకి తెచ్చుకోవడం చాలాసార్లు సులువు. అప్పుడు కుడి చేతికి చిన్న సవరణలే మిగులుతాయి. మలుపు తిరిగే ముందే క్రాస్‌హెయిర్‌ను తల ఎత్తులో నిలిపి ఉంచితే ఆ సవరణ ఇంకా తగ్గుతుంది. కుడి స్టిక్‌ను లోపలికి నొక్కితే పనిచేసే చర్య ఏదైనా ఉంటే దాన్ని వేరే బటన్‌కు మార్చండి, ఎందుకంటే ఆ నొక్కుడే గురిని కదిలిస్తుంది. ఎయిమ్ అసిస్ట్ (గురిపెట్టడంలో ఆటే కొంత సాయం చేసే ఏర్పాటు) ప్రతి ఆటలోనూ ఒకేలా ఉండదు. పోటీ నిబంధనల్లో అది ఉంటుందో లేదో ముందే కనుక్కుని అదే పద్ధతిలో సాధన చేయండి.

చేతి ఆరోగ్యం దగ్గర రాజీ పడవద్దు. ఉత్కంఠలో పిడికిలి బిగుసుకుపోతుంది, బొటనవేలు స్టిక్‌ను అవసరానికి మించి అదుముతుంది, దాంతో చిన్న కదలికలు మొరటుగా మారతాయి. ముంజేతులకు ఆధారం దొరికేలా కూర్చుని, ప్రతి మ్యాచ్ తర్వాత కంట్రోలర్‌ను కింద పెట్టి వేళ్లు చాపండి. మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో నొప్పి వస్తూ, బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించినప్పుడు అది పెరుగుతుంటే, అక్కడి స్నాయువులు, వాటి చుట్టూ ఉన్న తొడుగు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. దీన్నే డి కర్వెన్ వ్యాధి అంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం మరో హెచ్చరిక. ఇలాంటప్పుడు నొప్పి మాత్ర వేసుకుని సాధన కొనసాగించకుండా వైద్యుణ్ణి కలవండి. ఆ పోటీ తప్పిపోయినా ఫరవాలేదు.

నిర్వాహకుల యంత్రంపై ఆడవలసి వస్తే మీ సెట్టింగులేవీ అందులో ఉండకపోవచ్చు. సెన్సిటివిటీ, స్కోప్‌లో సెన్సిటివిటీ, డెడ్ జోన్, కర్వ్, బటన్ల అమరిక, వైబ్రేషన్, నిలువు దిశ తలకిందులు చేశారా లేదా అన్నవి కాగితంపై రాసుకుని వెళ్లండి. వైర్‌తో ఆడాలన్న నిబంధన ఉంటే ఇంట్లోనూ వైర్‌తోనే సాధన చేయండి. సన్నాహక ఆటలో గుళ్లు తప్పుతుంటే ముందు కాగితంతో సెట్టింగులను సరిపోల్చుకోండి. అన్నీ సరిగ్గానే ఉంటే అంకెలు మార్చకుండా, చేతులు వెచ్చబడేదాకా దగ్గరి లక్ష్యాలపై నిదానంగా కాల్చండి.