కచేరీకి ముందు ఫోన్‌లో ఉండాల్సిన ఉచిత యాప్‌లు

నేను వేదికల మీద వయొలిన్ వాయిస్తాను. ముందుగా సౌండ్‌కార్సెట్ వేసుకోండి. శ్రుతి సరిచూసే ట్యూనర్, తాళం వేగాన్ని టిక్ టిక్‌మని చెప్పే మెట్రోనోమ్ రెండూ అందులోనే ఉంటాయి. శ్రుతికి ఆధారంగా తీసుకునే ఎ (A) స్వరం మామూలుగా 440 హెర్ట్జ్. తోడుగా వాయించే కీబోర్డును 442కి పెట్టి ఉంటే ట్యూనర్‌నూ అక్కడికే మార్చాలి. లేదంటే ముల్లు నడిమధ్య నిలిచినా అపస్వరమే. పక్కన డ్రమ్స్ మోగుతుంటే ఫోన్‌ను వాయిద్యానికి బాగా దగ్గరగా పట్టుకోండి.

రికార్డింగ్‌కి బ్యాండ్‌ల్యాబ్, ఐఫోన్ అయితే గ్యారేజ్‌బ్యాండ్. ఒక ట్రాక్ వింటూ దానిమీద మరొకటి వాయించేటప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్లే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, కొత్త ట్రాక్ తాళం వెనకబడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆండ్రాయిడ్‌లో దొరికే స్పెక్ట్రాయిడ్. ఏ ఫ్రీక్వెన్సీలో శబ్దం ఎంత ఉందో గీతగా చూపిస్తుంది. సౌండ్ చెక్‌లో మానిటర్ (వేదిక మీద మనకు వినిపించే స్పీకర్) కూత పెట్టిందనుకోండి, గీత ఎక్కడ నిటారుగా లేచిందో చూడండి. అదే ఆ కూత ఫ్రీక్వెన్సీ. ఆ అంకె చెబితే సౌండ్ ఇంజినీర్ ఈక్వలైజర్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం) అక్కడ మాత్రమే తగ్గిస్తారు. వాయిద్యం గొంతు నొక్కేయకుండా కూత ఆగుతుంది! ఇది ప్రతి వాద్యకారుడికీ తెలిసి ఉండాలని నా కోరిక.

స్వరాలు ఫోన్‌లో చూసి వాయించేవాళ్లు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తెర ఆరిపోయే సమయం పెంచుకోండి.