పర్ డియం రోజులు లాగ్‌తో కలవట్లేదా? శనివారాలు చూడండి

మార్చి వచ్చిందంటే ఇవే ఫోన్లు. "అన్నా, యాప్ 214 రోజులంటోంది, నేను లెక్కేస్తే 251 వస్తోంది. ఏది వెయ్యమంటావు?" పర్ డియం అంటే ఇంటికి దూరంగా ఉన్న రోజులకి ట్యాక్స్‌లో తగ్గించుకునే రోజువారీ భోజనం ఖర్చు; లాగ్ అంటే యాప్‌లో ఉండే డ్యూటీ గంటల రికార్డు. అమెరికాలో సొంత ట్రక్కు నడిపే మనవాళ్ల ట్యాక్స్ లెక్కలు చూస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. జవాబు మాత్రం ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుంది.

ముందు చూడాల్సింది లాగ్ కాదు

మీకు వచ్చిన కాగితం డబ్ల్యూ-2నా (ఉద్యోగి జీతానికి ఇచ్చేది), 1099నా (కాంట్రాక్టు పనికి ఇచ్చేది)? కంపెనీ డ్రైవర్‌గా డబ్ల్యూ-2 వస్తే 2018 నుంచి ఫెడరల్ రిటర్న్‌లో ఈ భోజనం ఖర్చు మినహాయింపు లేదు. షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారం) వేసే ఓనర్ ఆపరేటర్లకే, అంటే సొంత ట్రక్కు నడుపుకునేవాళ్లకే ఉంది. సొంత కార్పొరేషన్ పెట్టుకుని అందులోంచి జీతం తీసుకునేవాళ్ల దారి వేరు, వాళ్లు తమ అకౌంటెంట్‌తో మాట్లాడుకోవాలి. ఏడాది లాగ్‌లన్నీ ప్రింట్ తీసి, రెండు ఆదివారాలు కూర్చుని లెక్కపెట్టి, ఆఖర్న డబ్ల్యూ-2 తీసి చూపించినవాళ్లు ఉన్నారు. ఆ కష్టం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ఆ కాగితం ముందు చూడండి.

ఇంకొకటి. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికొచ్చి పడుకునే రూట్ అయితే ఆ రోజులకి పర్ డియం రాదు. నిద్ర కోసం బయట ఆగాల్సిన ప్రయాణమై ఉండాలి.

యాప్ చూపే రోజులు తక్కువ, మీ లెక్క ఎక్కువ

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

చాలా యాప్‌లలో ఏడాది చివర ఇచ్చే సారాంశం బండి కదిలిన రోజుల్నే లెక్కపెడుతుంది. మీరు శుక్రవారం సాయంత్రం ఆరింటికి మిస్సోరీలోని జాప్లిన్ ట్రక్ స్టాప్‌లో ఆగారు అనుకుందాం. 34 గంటల రీసెట్ (వారం డ్యూటీ గంటల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేలా తీసుకునే వరుస విశ్రాంతి) పూర్తయి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరారు. మధ్యలో శనివారం లాగ్ గ్రాఫ్ తీసి చూడండి: అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఆఫ్ డ్యూటీ మీద ఒకటే సన్నని గీత. డ్రైవింగ్ సున్నా. ఆ రోజు మీరు ఇంటికి వందల మైళ్ల దూరంలో ఉన్నారు, బయటే తిన్నారు, అది న్యాయంగా పర్ డియం రోజే. సారాంశంలో మాత్రం అది ఉండదు.

2024 అక్టోబర్ 1 నుంచి ట్రక్ డ్రైవర్లకి అమెరికాలో రోజు రేటు 80 డాలర్లు. ఫెడరల్ డ్యూటీ గంటల నిబంధనల కిందికి వచ్చేవాళ్లకి అందులో 80 శాతం మినహాయింపు, అంటే రోజుకి 64 డాలర్లు. బయల్దేరిన రోజుకి, ఇల్లు చేరిన రోజుకి ముప్పావు వంతు లెక్క వేసుకుంటే 48 డాలర్లు. ఏడాదిలో 35 రీసెట్‌లు రోడ్డు మీదే తీసుకుంటే 35 శనివారాలు, 2,240 డాలర్ల మినహాయింపు పోయినట్టే.

అయితే మీ 251 వేసేద్దామా? ఆగండి. ఇంట్లో గడిపిన శనివారం గ్రాఫ్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, అదే సన్నని గీత. ఈఎల్‌డీ (లాగ్ రాసే, ట్రక్కులో ఉండే పరికరం) లొకేషన్‌ని డ్యూటీ స్టేటస్ మార్చినప్పుడు, ఇంజిన్ వేసినప్పుడు, ఆపినప్పుడు, బండి నడుస్తుంటే గంటకోసారి రాసుకుంటుంది. ఇంజిన్ ముట్టుకోకపోతే ఆ రోజు పేరుతో ఒక్క నమోదూ ఉండదు. మీరెక్కడున్నారో లాగ్‌కి తెలియదు.

ఒక డ్రైవర్ విషయంలో నేను దీన్ని ఇంకా లోతుగా నేర్చుకున్నాను. ఆయన ఇల్లు పెద్ద ట్రక్ స్టాప్‌కి ఆరు మైళ్లు. ట్రైలర్ అక్కడే వదిలి, ట్రాక్టర్‌తో (ట్రక్కు ముందు భాగంతో) పర్సనల్ కన్వేయన్స్, అంటే సొంత పనికి బండి నడిపే మోడ్ పెట్టుకుని ఇంటికి వెళ్లేవాడు. ఆ మోడ్‌లో ఈఎల్‌డీ లొకేషన్‌ని కావాలనే సుమారు పది మైళ్ల పరిధికి మసక చేస్తుంది, డ్రైవర్ సొంత సమయానికి గోప్యత ఉండాలని. దాంతో ట్రక్ స్టాప్, ఇల్లు లాగ్‌లో ఒకే ఊరుగా కనబడ్డాయి. నేను ఆ రోజుల్ని బయటున్న రోజులుగా వేసేశాను. ఆడిట్‌లో అధికారి బ్యాంకు స్టేట్‌మెంట్ తిప్పి, ఇంటి దగ్గరి కిరాణా కొట్టులో వాడిన కార్డు చూపించి, "ఈ శనివారం మీరెక్కడున్నారు?" అని అడిగారు. ఆ రోజులు పోయాయి. దాంతో నిజంగా బయటున్న శనివారాలకి కూడా ఒక్కొక్కదానికీ రుజువు చూపించాల్సి వచ్చింది.

పరిష్కారం పెద్ద పనేం కాదు. ఆఫ్ డ్యూటీ నొక్కేటప్పుడే రిమార్క్‌లో ఊరి పేరు, "రీసెట్" అని రాయండి. ఇంటికి వెళ్తే "ఇల్లు" అని రాయండి. పది సెకన్ల పని. షవర్ టికెట్, పార్కింగ్ రసీదు ఫొటో తీసి నెలవారీ ఫోల్డర్‌లో పడేయండి. పాయింట్లతో షవర్ ఉచితంగా వచ్చినా టికెట్ మీద తేదీ, ఊరు ఉంటాయి. నెలాఖర్లో గ్రాఫ్ ఒక్కటే కాకుండా ఈవెంట్‌ల పూర్తి రిపోర్ట్ దించుకోండి. శనివారం ఏసీ కోసం ఇంజిన్ వేసి ఉంటే ఆ నమోదు, లొకేషన్‌తో సహా, అందులోనే దొరుకుతుంది.

మార్చిలో కూర్చుని గత జూన్ లాగ్‌లకి రిమార్క్‌లు ఎక్కించకండి. అసలు నమోదు అలాగే ఉండిపోతుంది, మీరు ఎప్పుడు మార్చారో కూడా ఉంటుంది. అప్పటికప్పుడు రాసినదానికి ఉన్న విలువ దానికి రాదు. జ్ఞాపకం ఉన్నవి విడిగా ఒక క్యాలెండర్‌లో రాసి, రసీదులు జతచేయండి.

పాత లాగ్‌లు కనబడటం లేదు

క్యారియర్ (మీరు ఎవరి కింద లోడ్లు నడుపుతున్నారో ఆ ట్రక్కు కంపెనీ) లాగ్‌లను ఆరు నెలలు దాచితే చాలు, చట్టం అంతే అడుగుతుంది. ట్యాక్స్ రికార్డులు మాత్రం మామూలుగా రిటర్న్ వేసినప్పటి నుంచి మూడేళ్లు మీ దగ్గర ఉండాలి. లీజు మీద ఉన్న క్యారియర్‌ని వదిలేసిన రోజే లాగిన్ ఆగిపోవచ్చు. ఇంకా ఆరు నెలల్లోపే ఉంటే రాతపూర్వకంగా అడగండి, మీ లాగ్‌ల కాపీ మీకివ్వాల్సిందే. అసలు మానేస్తున్నామని చెప్పడానికి ముందే అన్నీ దించుకోవడం మేలు.

గడువు దాటిపోయి ఉంటే సెటిల్‌మెంట్ షీట్లు (క్యారియర్ ఇచ్చే చెల్లింపు లెక్కలు), బిల్ ఆఫ్ లేడింగ్‌లు (సరుకు రవాణా పత్రాలు), డీజిల్ రసీదులు, టోల్ స్టేట్‌మెంట్‌లు పెట్టుకుని ట్రిప్ వారీగా తిరిగి కట్టుకుంటూ రావాలి. కుదురుతుంది, కానీ ఒక్కో నెలకి ఒక సాయంత్రం పడుతుంది.

అరుదైనవి

ఒక రోజు అటూ ఇటూ అయితే టైమ్ జోన్ కారణం. ఎక్కడ తిరిగినా లాగ్ రోజు హోమ్ టెర్మినల్ (మీ పని మొదలయ్యే సొంత స్థావరం) సమయం ప్రకారమే మారుతుంది. పరికరం చెడిపోయి కాగితం లాగ్ రాసిన రోజులుంటే ఆ కాగితాలు కలపడం మర్చిపోకండి. అద్దె గానీ ఇల్లు గానీ లేకుండా ట్రక్కులోనే బతుకుతుంటే లాగ్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. ట్యాక్స్ లెక్కలో ఇల్లు లేనివాళ్లు ఇంటికి దూరంగా ఉన్నట్టు కాదు, పర్ డియం మొత్తం పోతుంది. అలాంటివాళ్లు రోజులు లెక్కపెట్టడం ఆపి, ముందు ఆ సంగతి అకౌంటెంట్‌కి చెప్పండి.