క్యోగెన్‌ను నవ్వుతో మొదలుపెట్టండి

జపాన్ సంప్రదాయ హాస్య నాటకమైన క్యోగెన్‌ను పిల్లలకు పరిచయం చేసేటప్పుడు చరిత్రకు ముందు, ఆ రంగస్థలపు నవ్వును వారిచేత సాధన చేయించడం మేలు. నడుము నిటారుగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడి, 'హా... హా...' అని నిదానంగా ఆరంభించి, క్రమంగా వేగం పెంచుతూ బిగ్గరగా నవ్వాలి. దీనికి పెద్దలు సిగ్గుపడతారేమో గాని పిల్లలు పడరు.

తరువాత, పండ్లు దొంగిలించడానికి చెట్టెక్కిన యమబుషిని (కొండల్లో తపస్సు చేసే సన్యాసిని) తోట యజమాని ఆటపట్టించే ఘట్టాన్ని ఎంచుకోండి. యజమాని "అది కాకి కాబోలు, అయితే అరవాలే" అనగానే సన్యాసి కాకిలా, ఆపై కోతిలా అరిచి, చివరకు గద్దనని నమ్మించబోయి కిందికి దూకుతాడు. అసలు వేదికపైనా చెట్టు ఉండదు, నటుడు ఒక గుండ్రని పెట్టెపై నిలబడతాడు; కనుక మీకూ పొట్టి పీట, కింద పరుపు చాలు. ఇద్దరిద్దరి చేత పాత్రలు మార్చి ఆడించండి.