మన డబ్బు, మన చేతిలో - 3వ పాఠం: ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్లని ఖాతా

పోయిన పాఠంలో నగల జాబితా రాయమన్నాను. ఆ కాగితం ఇంట్లో బీరువాలోనే ఉంటే ముందు దాన్ని పుట్టింటికి చేర్చి రండి.

ఇప్పుడు భర్తకి తెలియకుండా మీకంటూ ఒక బ్యాంకు ఖాతా. ఫారం నింపడం ఎంతసేపు! చిక్కంతా ఫోన్ నంబరుతోనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజులు కుట్టే ఒకావిడ గుట్టుగా ఖాతా తెరిచి వెయ్యి రూపాయలు వేసింది. ఆవిడ ఇల్లు చేరేలోపే మెసేజ్ భర్త ఫోన్‌కి చేరింది. అలవాటుకొద్దీ ఫారంలో ఆయన నంబరే రాసింది మరి. ఆ రాత్రి ఏం జరిగిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. భార్య వెళ్లిపోతుందని పసిగట్టిన రోజుల్లోనే చెయ్యి లేవడం ఎక్కువవుతుంది. అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది.

ముందు మీ పేరు మీద సిమ్. దాన్ని చిన్న బటన్ ఫోన్‌లో వేసి, పనిచేసే చోటో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి. తర్వాత వేరే బ్యాంకు. అదే బ్యాంకులో ఇంకో బ్రాంచి పనికిరాదు: కస్టమర్ నంబరు ఒకటే కాబట్టి, మీ నెట్ బ్యాంకింగ్ ఆయన తెరిస్తే కొత్త ఖాతా కూడా కనిపిస్తుంది. కాస్త దూరమైనా ఫర్వాలేదు, బస్సులో జీరో టికెట్ ఉందిగా.

ఆధార్‌కి ఆయన నంబరు ఉంటే ఓటీపీ వద్దని చెప్పి, వేలిముద్రతో కేవైసీ అడగండి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ ఖాతా చాలు. ఈమెయిల్ గడి ఖాళీగా వదిలేయండి. నామినీగా అమ్మో అక్కో. ఏటీఎం కార్డు పోస్టులో ఇంటికొస్తుంది, చాలామంది ఇక్కడే దొరికిపోతారు. బ్రాంచిలోనే చేతికిస్తేనే తీసుకోండి, లేదంటే పాస్‌బుక్‌తో సరిపెట్టుకోండి.

జాయింట్ ఖాతాలో ‘ఇద్దరిలో ఎవరైనా’ అని ఉంటే మొత్తం డబ్బు ఆయన ఒక్కరే తీసేయొచ్చు. మీ కుట్టుకూలీ, చిట్టీ డబ్బు ఇక అందులో వేయకండి.

ఇంటిఖర్చు ఇవ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా 2005 గృహహింస చట్టం ప్రకారం హింసే. అర్జీ పెడితే మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నాంపల్లి కోర్టు వరండాలో కూర్చున్నవాళ్లకి ఈ మాట చెబితే నవ్వుతారు. అయినా అర్జీ పెట్టుకోవాలి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకి ఉచిత లాయర్‌ని ఇస్తారు. కొట్టేదాకా వస్తే ఖాతా సంగతి పక్కనపెట్టి 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

ఈ వారం పని: సిమ్ ఒక్కటే. బ్యాంకుకి ఇంకా వెళ్లొద్దు. వచ్చే పాఠంలో అద్దె ఇల్లు, అడ్వాన్సు.