ఇమ్యునాలజీ పరిశోధకుల ప్రచురణల జాబితాను చదవడం ఎలా?

మాలిక్యులర్ బయాలజీలోనో ఇమ్యునాలజీలోనో పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే విద్యార్థులు చాలామంది పరిశోధన పత్రాలను వెతికే గూగుల్ స్కాలర్ తెరిచి, అక్కడ కనిపించే మొత్తం సైటేషన్లనూ (ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క) హెచ్-ఇండెక్స్‌నూ చూసి నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ అంకెలను చివర చూడడమే మేలు.

మొదట ఆ జాబితా నిజంగా ఆ వ్యక్తిదేనా అన్నది తేల్చుకోవాలి. మన పేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఒకే మనిషి ఒక పత్రంలో ఇంటిపేరుతోనూ, మరొకదానిలో ఇంటిపేరు పొడి అక్షరంగా మారి సొంత పేరుతోనూ నమోదవుతారు. రావు, రెడ్డి, కుమార్ అన్న పేర్ల కింద ఎందరివో పత్రాలు కలిసిపోతాయి. గూగుల్ స్కాలర్ తనంతట తాను చేర్చిన పత్రాలను ప్రొఫైల్ సొంతదారు సరిచూడకపోతే పరాయివి కూడా అందులోనే ఉండిపోతాయి. కాబట్టి ఆ పరిశోధకునికి ఆర్కిడ్ (ORCID) అనే, ఒక్కో పరిశోధకునికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య ఉంటే దాని కింద ఉన్న జాబితాను, వైద్య, జీవశాస్త్ర పత్రాల సూచీ అయిన పబ్‌మెడ్‌లో పేరూ సంస్థా కలిపి వెతికితే వచ్చే జాబితాతో పోల్చి చూడాలి.

ఆ తరువాత రచయితల వరుస చూడాలి. జీవశాస్త్రాల్లో సాధారణంగా ప్రయోగాల భారం మోసినవారు మొదటి రచయితగా, ప్రయోగశాలను నడిపేవారు చివరి రచయితగా ఉంటారు. కణాలకు ప్రొటీన్ తయారీ సూచనలను మోసే ఎంఆర్ఎన్ఏలోని న్యూక్లియోసైడ్లను (దాని నిర్మాణ భాగాలను) మారిస్తే, పరాయి పదార్థాలను గుర్తించే టోల్-లైక్ రిసెప్టర్లు దాన్ని అంతగా పసిగట్టవని తేల్చి, 2005లో ‘ఇమ్యూనిటీ’ పత్రికలో వెలువడిన పత్రంలో కాటలిన్ కరికో మొదట, డ్రూ వైస్‌మన్ చివర ఉన్నారు. వెలువడినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ పనికే 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 2010లో దాని సైటేషన్లను మాత్రమే చూసినవారికి దాని విలువ తెలిసి ఉండేది కాదు. గైడ్ కాబోయేవారి విషయంలో గత ఐదారేళ్లలో చివరి రచయితగా ఎన్ని పత్రాలు రాశారో, వాటిలో వారి విద్యార్థులు మొదటి రచయితలుగా ఉన్నారో లేదో లెక్కించడం, వందమంది రచయితల నడుమ వారి పేరున్న పత్రానికి వచ్చిన వేల సైటేషన్లకంటే ఎక్కువ చెబుతుంది.

పత్రం ఏ రకమో కూడా చూడాలి. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతిని వివరిస్తూ 1951లో లౌరీ బృందం ప్రచురించిన పత్రానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలత పద్ధతి కూడా ఈ కోవలోనిదే. దశాబ్దాలపాటు ప్రయోగశాలలు దాన్ని వాడుతూ ఉదహరిస్తూ వచ్చాయి. పద్ధతుల పత్రాలకు అన్ని సైటేషన్లు రావడం సహజమే. అప్పటికే వచ్చిన పరిశోధనలను క్రోడీకరించే సమీక్షా వ్యాసాలకూ సైటేషన్లు సులువుగా పోగవుతాయి కనుక, వాటిని పక్కన పెట్టి మూల పరిశోధనకు వచ్చినవెన్నో విడిగా చూడాలి.

ఇక అంకెలు. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ 30 అంటే, కనీసం 30 సైటేషన్ల చొప్పున వచ్చిన పత్రాలు 30 ఉన్నాయని అర్థం. వయసుతోపాటు పెరగడమే తప్ప దానికి తగ్గడం దాదాపుగా తెలియదు. అందుచేత ఒకే రంగంలో, ఒకే అనుభవం ఉన్నవారి మధ్యనే దాన్ని పోల్చాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పత్రాలను) కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడి సంఖ్య, ఎంపిక చేసిన పత్రికలనే ప్రధానంగా లెక్కించే సైటేషన్ డేటాబేస్‌లైన స్కోపస్‌లోనో వెబ్ ఆఫ్ సైన్స్‌లోనో కనిపించేదానికంటే సాధారణంగా పెద్దది. ఒకరిది ఒకచోట, మరొకరిది వేరొకచోట తీసుకుని పోల్చడం కుదరదు. స్కోపస్‌లో స్వీయ సైటేషన్లను (తమ పత్రాలను తామే ఉదహరించుకున్నవి) తీసివేసి చూసే వీలుంది. తీసివేసినప్పుడు అంకె బాగా పడిపోతే కారణం వెతకాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి ఉచిత సాధనం ఐసైట్, పబ్‌మెడ్ పత్రాలకు వచ్చిన సైటేషన్లను రంగాన్నీ కాలాన్నీ బట్టి సరిచేసి ఒక నిష్పత్తిని ఇస్తుంది. అందులో 1 అంటే ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పత్రాల మధ్యస్థ స్థాయి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక పత్రికలోని పత్రాలకు వచ్చే సగటు సైటేషన్ల కొలత) పత్రికకు సంబంధించినదే కాబట్టి, దాన్ని మనిషికి ఆపాదించడం సబబు కాదు.

తప్పులవల్లో మోసంవల్లో ఉపసంహరించిన పత్రాలను కూడా ఇతరులు ఉదహరిస్తూనే ఉంటారు, ఆ సైటేషన్లూ మొత్తంలో కలుస్తాయి. అందువల్ల ముఖ్యమైన పత్రాలను పబ్‌మెడ్‌లో తెరిచి ఉపసంహరణ ప్రకటన ఉందేమో చూసి, ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లోనూ వెతకాలి. ప్రచురితమైన పత్రాలపై పాఠకులు వ్యాఖ్యానించే పబ్‌పీర్ వెబ్‌సైట్‌లో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను గుర్తించే పరీక్ష) బొమ్మల గురించి ప్రశ్నలు కనిపిస్తే, అవి ఆరోపణలే గాని తీర్పులు కావు. రచయితలు అక్కడ మూల డేటాతో జవాబిచ్చారా, లేక ఏళ్ల తరబడి మౌనంగా ఉన్నారా అన్నది చదివి చూడాలి.