విజయనగరం నుంచి అరకు బండ్ల మీద బయల్దేరే ముందు

టైర్లలో గాలి, బ్రేకులు, పెట్రోలు ముందురోజు రాత్రే చూసుకోండి. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు.

ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది కాబట్టి అక్కడ టీకి ఆగి అందరూ వచ్చారో లేదో చూసుకోండి. కొత్తగా నడిపేవాళ్లని మధ్యలో ఉంచి, బాగా అలవాటున్నవాళ్లు ఆఖరున రావాలి, పంక్చరైనవాడు అడవిలో ఒంటరిగా మిగిలిపోకూడదు కదా. మలుపుల్లో హారన్ కొట్టండి. దిగేటప్పుడు ఎక్కే బండికి దారివ్వండి.

అదనంగా క్లచ్ వైరు ఒకటి, స్పానర్లు పెట్టుకోండి, మీకు కాకపోయినా ఎవరికో పనికొస్తాయి. తెలియని బండి రోడ్డు పక్కన ఆగి ఉంటే స్లో చేసి “ఏమైందన్నా?” అని అడగండి. దెబ్బలు తగిలినవాళ్లు కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, సాయం చేసినవాళ్లకి రక్షణగా 2019లోనే చట్టం మార్చారు, కేసుల టెన్షన్ అక్కర్లేదు.