దఫాలుగా విత్తినా అన్నీ ఒకేసారి కోతకొస్తున్నాయా? సమస్యలు - పరిష్కారాలు

సలాడ్‌కు వాడే ముల్లంగి, కొత్తిమీర, లెట్యూస్ లాంటివి ఒక్కరోజే మడి నిండా చల్లితే అన్నీ ఒకే వారంలో కలిసి కోతకొస్తాయి, ఆ తర్వాత మళ్లీ మార్కెట్‌కు పోవాల్సిందే. అందుకే కొంచెం కొంచెంగా దఫాలుగా విత్తుకోమంటారు. మంచి పద్ధతే, కాకపోతే మన వరంగల్, కరీంనగర్ వైపు క్యాలెండర్ పట్టుకుని చేస్తే కుదరదు.

సమస్య: పది రోజుల తేడాతో విత్తినా రెండు దఫాలూ కలిసే వచ్చాయి.

కారణం: చలి. డిసెంబర్ చివర్లో పెట్టిన గింజ మెల్లగా లేస్తుంది, రాత్రుళ్లు చల్లగా ఉన్నన్ని రోజులు ఆకు సాగదు, జనవరిలో కాస్త ఆలస్యంగా పెట్టిందేమో ఎండ పెరిగేకొద్దీ తొందరగా ఎదిగి ముందుదాన్ని అందుకుంటుంది. దసరా తర్వాత దీనికి ఉల్టా జరుగుతుంది: ముందు దఫా వెచ్చదనానికి త్వరగా వచ్చేస్తుంది, తర్వాతది చలికి వెనకబడుతుంది, మధ్యలో కోయడానికి ఏమీ ఉండదు.

పరిష్కారం: తేదీలు లెక్కపెట్టకండి, ముందు దఫా మొలకలను చూడండి. మొలవగానే కనిపించే జంట ఆకులు కాదు, వాటి మధ్య నుంచి అసలు ఆకు విచ్చుకోగానే తర్వాతి దఫా విత్తేయండి. చలి పెరిగేటప్పుడు ఒకలా, తగ్గేటప్పుడు ఒకలా ఎంత ఎడం ఉండాలో మొక్కే చెప్తుంది. ముల్లంగికి, కొత్తిమీరకు, లెట్యూస్‌కు ఇది బాగా పనిచేస్తుంది. క్యారెట్ నేలలో కొన్నాళ్లు ఆగుతుంది కాబట్టి నెలకోసారి వేస్తే చాలు. ఇంకోటి, దఫాకు మీ ఇంట్లో వారానికి ఎంత తింటారో అంతే విత్తండి, నలుగురున్న ఇంటికి పదిహేను ఇరవై ముల్లంగి గింజలు ఎక్కువే.

సమస్య: మొదటి దఫా బాగా మొలిచింది, అదే ప్యాకెట్ నుంచి వేసిన మూడోది సగం కూడా రాలేదు.

నేలను తిట్టుకునే ముందు ప్యాకెట్ ఎక్కడ పెట్టారో గుర్తుచేసుకోండి. నోరు తెరిచిన ప్యాకెట్‌ను వంటింటి గూట్లో పొయ్యి పక్కనో, తేమ తగిలే చోటనో ఉంచితే గింజలో జీవం పోతుంది, ఉల్లి విత్తనం అయితే మరీ తొందరగా. మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానం ఉంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి, ఐదే మొలిస్తే రెట్టింపు విత్తాలి, రెండో మూడో వస్తే ఆ ప్యాకెట్ మీద ఆశ వదులుకోవచ్చు.

సమస్య: లెట్యూస్ అసలు మొలవనే లేదు.

లెట్యూస్ గింజ వేడి నేలలో నిద్రపోతుంది. మట్టి 30 డిగ్రీలు దాటితే చాలా రకాలు మొలవవు, దసరా రోజుల్లో మధ్యాహ్నం మన మడి అంతకంటే వేడిగానే ఉంటుంది. గింజలను తడి టిష్యూలో చుట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం పూట విత్తండి. దీనికి వెలుతురు కావాలి, లోతుగా పూడ్చొద్దు, జల్లించిన ఎరువు పైన పలచగా చల్లితే చాలు. మొలిచేదాకా షేడ్‌నెట్ కట్టండి. ఇవన్నీ చేసినా రాకపోతే చీమలను చూడండి, తేలికైన గింజలు కదా, ఎత్తుకెళ్తాయి.

సమస్య: ముల్లంగికి ఆకు గుబురుగా ఉంది, గడ్డ లేదు.

ఒత్తుగా ఉంటే రెండంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి పీకండి, పొడవు రకాలకైతే నాలుగంగుళాలు, పీకిన లేత ఆకు పప్పులో వేసుకోవచ్చు. యూరియా వేసుంటే ఇక వేయకండి. కానీ నవంబర్ దఫాలో మాత్రమే ఇలా అయితే నీడను చూడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు, డిసెంబర్‌లో ఐదడుగుల ప్రహరీకి మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు నాలుగడుగుల పైనే నీడ పడుతుంది. ఎండాకాలంలో చూసి "ఇక్కడ ఎండ బాగుంది" అనుకున్న చోటు చలికాలానికి పనికిరాదు, కాబట్టి మడిని గోడకు దూరం జరపండి, లేదా ఆ నీడలో కొత్తిమీర, పుదీనా వేసుకోండి.

గడ్డ వచ్చినా బెండుబారితే అది కోత ఆలస్యం, లేదా నీళ్లు ఒకరోజు పోసి నాలుగురోజులు మరిచిపోవడం.

సమస్య: చివరి దఫా లెట్యూస్ చేదెక్కి పూతకొచ్చింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఆ తర్వాత లెట్యూస్‌ను ఆపలేం. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి: ఆకు లెట్యూస్‌కు ఇంచుమించు 45, 50 రోజులు పడుతుంది, కాబట్టి సంక్రాంతికి అటూఇటూగా వేసిందే ఆఖరుది. ఫిబ్రవరిలో వేస్తే గింజలూ కష్టమూ వృథా.

మరి ఆ తర్వాత? ముల్లంగి కావాలంటే వేడికి తట్టుకునే పూసా చేత్కి రకం వేయండి, కీరను జనవరి చివరి నుంచి నెలకో రెండు మూడు పాదులు పెట్టుకుంటూ రండి. గంగవాయిలకూర ఎండకు జంకదు, లేత కొసలు పచ్చిగా కీరలో కలిపినా పుల్లగా బాగుంటాయి. కొత్తిమీరకు మాత్రం సగం నీడనిచ్చే షేడ్‌నెట్ తప్పనిసరి, ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి రాత్రంతా నానబెట్టి విత్తండి, పూతకొమ్మ లేచేలోపే వేళ్లతో సహా పీకేసి, ఆ చోట పిడికెడు ఎరువు కలిపాకే మళ్లీ విత్తండి.